మేక నమిలిన విగ్గు

కన్నడ నుంచి తెలుగులో మళ్లీ తీసిన ఒక హాస్య సినిమా ఉంది. దాన్ని తిట్టనివాళ్లు లేరు. నాకు మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. ఆ రోజు నారాయణఖేడ్‌లో నాగల్‌గిద్ద బస్సెక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో అదే చూస్తున్నాను.

పక్కసీటు పెద్దమనిషి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఫోను వైపు చూసి, "గా సినిమా బంద్ చెయ్యి" అన్నాడు.

"సప్పుడు నా చెవులకే కదా. నీకేం నొప్పి?"

"నేను కన్నడల చూసిన. గదీ సినిమా అంటే. దీన్ని ఖరాబ్ చేసిండ్రు."

అందరూ అనే మాటే. నాకు ఒళ్లు మండింది.

"నచ్చకుంటే గటు తిరిగి కూసో" అని ఫోను ఇంకాస్త ఆయన వైపే జరిపాను.

పెళ్లిపీటల మీద వరుడి విగ్గును మేక లాక్కుని నమిలే చోటు వచ్చింది. పెద్దమనిషి రెండు చేతులతో కడుపు పట్టుకుని ముందుకు వంగిపోయాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భయపడి ఫోను ఆపేసి, ఏమైందని అడిగాను.

"ఆపరేషన్ అయ్యింది. కుట్లు ఇంక ఇప్పలే. నవ్వితే గుంజుతున్నయ్. ఎప్పటి సంది బంద్ చెయ్యమంటున్న, ఇంటివా?"

నా సమాధానం కోసం ఆగకుండా, సీట్లు పట్టుకుంటూ లేచి ముందుకు వెళ్లి కూర్చున్నాడు. కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు.

"కన్నడల గీ మేక లేకుండె" అన్నాడు, తిట్టినట్టే.

ఇప్పుడు ఆ సినిమాను ఎవరు తిట్టినా నేను వాదనకు దిగను. మేక వచ్చేదాకా చూశారా అని మాత్రం అడుగుతాను.