రిబ్కా తీసిన నోటి ఫోటో

రిబ్కా పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళుగా బూర్గంపాడు చుట్టుపక్కల తండాల్లో సైకిల్ తొక్కుతూ సూదిమందు వేసినవాణ్ణి నేను. ఇన్నయ్య డాక్టరంటే తెలియని గడప లేదు. ఆర్‌ఎంపీనే అనుకోండి, అయినా డాక్టరే కదా. అలాంటిది రెండు వేల ఎనిమిదిలో ఈ పిల్ల ఊడిపడింది. దమ్మపేటలో కూలి చేసుకునేవాళ్ళ కూతురు, నర్సు ట్రైనింగ్ చేసింది, చర్చివాళ్ళ ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. దాని చేతిలో అరచేతంత కెమెరా.

సోమవారం సోమవారం జనాన్ని కూర్చోబెట్టి, నోళ్ళు తెరిపించి ఫోటోలు తీసేది. సాయంత్రం బస్సెక్కి బూర్గంపాడు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, వాటిని ఖమ్మంలో ఉన్న పళ్ళ డాక్టరు జ్యోత్స్నకు పంపేది. మర్నాడు ఆమె ఫోన్ చేసి ఎవరికి ఏం చేయాలో చెప్పేది. ఉప్పునీళ్ళు పుక్కిలించమనడం, కారం మానమనడం, మెత్తటి బ్రష్ వాడమనడం. అదో వైద్యం! అయినా జనం అటే పోయారు. నా గుమ్మం ముందు నుంచే, తల తిప్పకుండా పోయారు.

హేమ్లి కూడా పోతుంటే మాత్రం నేను భరించలేకపోయాను. తండాలో ఆమె పిల్లలిద్దరికీ ఏ జ్వరం వచ్చినా పరుగెత్తింది నేనే. ఏడాదిగా మోకాళ్ళ నొప్పులకు వారం వారం ఇంజక్షన్ వేస్తున్నదీ నేనే. మూడు నెలలుగా ఆమెకు నోటిపూత. తగ్గడం, మళ్ళీ లేవడం. జొన్నరొట్టె నమలలేక గంజి తాగుతోంది. బీ కాంప్లెక్స్ గోలీలిచ్చినా లాభం లేకపోయింది.

ఆ సోమవారం పొద్దున నేనే పిలిచాను.

"ఏంది హేమ్లీ, ఎటు పోతున్నవ్?"

"రిబ్కమ్మ ఫోటో తీస్తదంట సాబ్. నోరు మండిపోతాంది."

"తీయించుకో. ముందుగాల మందు పూస్తా, మంట తగ్గుతది."

నోటిపూతకు వాడే నీలం మందు తీసి నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపల ఎక్కడా వదలకుండా దట్టించాను. ఎందుకు పూశానో నాకు తెలుసు. ఇప్పుడు తియ్యవే నీ ఫోటో, అనుకున్నాను. ఆ రోజంతా హుషారుగా తిరిగాను.

మర్నాడు జ్యోత్స్న నుంచి రిబ్కాకు కబురొచ్చింది. నోరంతా నీలమే, పుండు కనిపించడం లేదు, రంగు పోయాక మళ్ళీ తీయమని. రంగు పోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు హేమ్లి చలిజ్వరంతో మంచం పట్టింది. రిబ్కా తండాకే పోయి ఫోటో తీసి పంపింది. అది చూసిన గంటలోనే జ్యోత్స్న ఫోన్ చేసింది. ఇవి మామూలు పుళ్ళు కావు, రక్తంలో ఏదో తేడా ఉంది, వెంటనే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళి పరీక్ష చేయించమంది.

హేమ్లిని అక్కడ చేర్పించి, రక్తపరీక్ష చేయించి, సాయంత్రానికి రిబ్కా రొప్పుతూ మా ఇంటికి వచ్చింది.

"అన్నా, హేమ్లక్క రక్తంలో తెల్లకణాలు దాదాపు లెవ్వంట. కొన్ని నొప్పుల సూదులతోని గట్ల అయితదంట. నువ్వేసింది ఏ సూదో చెప్పు. అక్కడ జరానికి మళ్ళ అదే వేస్తే మనిషి దక్కదంట."

జ్యోత్స్న లైన్లో ఉన్న ఫోన్ నా ముందు పెట్టింది. ఉత్త బలానికి వేసే సూదే అని అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. నిజం చెబితే ఇరవై రెండేళ్ళ పేరు ఈ పిల్ల కాళ్ళ దగ్గర పోసినట్టే. హేమ్లి పిల్లలు గుర్తొచ్చారు. మందు పేరు చెప్పాను, ఎన్ని వేశానో కూడా చెప్పాను.

ఆ ఇంజక్షన్ దవాఖానా చీటీలో అప్పటికే రాసి ఉందట. జ్యోత్స్న ఫోన్ చేసి ఆపించింది.

మూడు వారాలకు హేమ్లి ఇల్లు చేరింది. వస్తూ వస్తూ మా గుమ్మంలో ఆగి దండం పెట్టింది.

"నువ్వు సూది పేరు చెప్పబట్టే నేను బతికిన్నంట సాబ్. రిబ్కమ్మ తండా అంతా చెప్పింది."

నీలం మందు నేను కావాలనే పూశానని కనిపెట్టినా, ఆ సంగతి మాత్రం రిబ్కా ఎవరితోనూ అనలేదు. ఎందుకు దాచావని అడిగాను.

"చెప్తే నీ తాన ఎవ్వరు రారన్నా. నేను ఒక్కదాన్నే ఎన్ని తండాలు తిరుగుత?"

అదే నేనైతే ఊరూరా చాటేవాణ్ణి. మా ఇద్దరికీ ఉన్న ఆ తేడా తెలిశాక, ఆ పిల్ల మీద నా కుళ్ళు తగ్గకపోగా ఇంకా పెరిగింది.