సుగుణ గారి మూడు శాంపిళ్ళు

2023 వేసవిలో భీమవరంలోని ఒక కాలేజీలో వర్క్‌షాప్ పెట్టాం. జీనోమ్‌ను, అంటే ఒక జీవిలోని జన్యు సమాచారమంతటినీ, విశ్లేషించే ఆన్‌లైన్ టూల్స్ ఉంటాయి. వాటిని పరిశోధకులకు నేర్పడం, ఆ తర్వాత వాళ్ళు ఎక్కడైనా ఆగిపోతే ఫోన్‌లో సాయం చేయడం నా ఉద్యోగం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రొయ్యల తెగుళ్ళ మీద పనిచేసేవాళ్ళు. జువాలజీ లెక్చరర్ సుగుణ గారు కూడా అందుకే వచ్చారనుకున్నాను. అందరూ టీకి వెళ్ళినా ఆవిడ మాత్రం కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

కొన్ని వారాల తర్వాత రాజమండ్రిలోని మా ఆఫీసుకు ఫోన్ చేశారు.

"సార్, మూడు శాంపిళ్ళు అప్‌లోడ్ చేశానండి. ఒకటోదాంట్లో ఒక వేరియంట్ కనబడుతోంది. నేను సరిగ్గా చదువుతున్నానో లేదో కొంచెం చూస్తారా?"

వేరియంట్ అంటే మామూలుగా ఉండాల్సిన జన్యు అక్షరం మారిన చోటు. ఆవిడ స్క్రీన్ షేర్ చేశారు. చూస్తే మనుషుల డేటా.

"వీళ్ళ అనుమతి ఉందా అండి?"

"ఉందండి."

ప్రతి జన్యువుకూ మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటో శాంపిల్‌లో రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఉంది. మిగతా రెండు శాంపిళ్ళలో ఒక్కో కాపీలోనే ఉంది.

"సరిగ్గానే చదివారండి. ఒకటోది బిడ్డది, రెండూ మూడూ తల్లిదండ్రులవి అయ్యుంటాయి. వాళ్ళు ఆరోగ్యంగానే ఉండొచ్చు. బిడ్డకు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చింది."



"మూడోది నాదేనండి. రెండోది మా వారిది. ఒకటోది మా బాబు. ఫిట్స్‌తో పోయాడు, ఏడేళ్ళయింది."

బాబు బతికుండగానే ముగ్గురికీ జన్యు పరీక్ష చేయించారట. కారణం తెలియలేదని అప్పట్లో రిపోర్టు ఇచ్చారు. ఇలాంటి పాత డేటాను కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, అప్పటికి ఎవరికీ తెలియని జన్యువు ఒక్కోసారి బయటపడుతుంది. ఆ పని చేయడానికే ఆవిడ క్లాసుకొచ్చారు.

"కడుపుతో ఉన్నప్పుడు ల్యాబ్‌లో జంతువుల్ని కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ మధ్య పనిచేశానండి. దానివల్లే ఇలా అయిందన్నారు మా అత్తగారు. నేనూ అదే అనుకుంటూ బతికాను."

నేను అన్నాను: "ఈ మార్పు ల్యాబ్ వల్ల వచ్చింది కాదండి. మీరిద్దరూ పుట్టినప్పటి నుంచీ మీలో ఉన్నదే. బాబు జబ్బుకు ఇదే కారణమా అన్నది మాత్రం నేను చెప్పకూడదు. జెనెటిక్స్ డాక్టర్ గారే చూసి తేల్చాలి."

దంపతులిద్దరూ విశాఖపట్నం వెళ్ళారు. మళ్ళీ పరీక్షలు చేసి, అదే కారణమని డాక్టర్ చెప్పారు. ఆ సంగతి చెప్పడానికి సుగుణ గారు నాకు ఫోన్ చేశారు.

"బయటికొచ్చాక మా వారు బెంచీ మీద కూర్చుని ఏడ్చారండి. 'నేనూ నీవల్లే అనుకున్నాను సుగుణా' అన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అనలేదాయన. మంచిగానే చూసుకున్నారు. మనసులో మాత్రం అది పెట్టుకునే, నా పక్కన కూర్చుని అన్నం తిన్నారండి."



మనుషుల డేటా అయితే ఇప్పుడు ఫలితం చెప్పకముందే అది ఎవరిదని అడుగుతున్నాను. జవాబు దొరికితే బాధ తీరుతుందని అంతకు ముందు నమ్మేవాణ్ణి. సుగుణ గారి మీద నింద పోయింది. బాబు లేడు. భర్త తనను ఏమనుకున్నాడో ఆవిడకు తెలిసింది.