తాతగారి స్టాంపులు, కోటమ్మత్త వెండి గ్లాసు

తన నిజాయితీని నిరూపించుకోబోయిన మనిషి సొంత ఇంటి వసారాలో, కన్నతల్లి ఎదుట, కాఫీ వేళకు దొంగగా తేలడం ఎలాగో తెలుసుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? అనిపించకపోయినా చెబుతాను. ఈ విద్యలో మా మండలం మొత్తానికి నన్ను మించినవాడు లేడు.

మా ఊరు అద్దంకికి దగ్గర. మా తాతగారు ఒకప్పుడు పొగాకు పెద్ద ఎత్తున వ్యాపారం చేశారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆయనకు ఉత్తరాలు వచ్చేవి. ఉత్తరం గుమస్తా చదివేవాడు, తాతగారు మాత్రం కవరు తీసుకుని, దాని మీది స్టాంపును గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, పసిపిల్లకు చొక్కా విప్పినంత నెమ్మదిగా ఊడదీసి, ఆరబెట్టి ఆల్బమ్‌లో అంటించేవారు. వ్యాపారం మీద కూడా ఆ శ్రద్ధ పెట్టి ఉంటే నేనీ కథ రాయనక్కర్లేకపోయేది.

తర్వాత పొగాకు దెబ్బ తీసింది. పొలాలు పోయాయి, బళ్ళు పోయాయి, పందిరి మంచం పోయింది. ఇంట్లోని వస్తువులన్నీ మర్యాదగా ఒక్కొక్కటే గుమ్మం దాటి వెళ్ళిపోయాయి. ఎవరికీ అక్కర్లేనివి రెండే మిగిలాయి: స్టాంపుల ట్రంకు పెట్టె, నా పరువు. "మా వంశంలో కొనడమే గానీ అమ్మడం తెలీదు" అని నేను తరచు అంటూ ఉండేవాణ్ణి. నేను పుట్టేనాటికి అమ్మవలసినవన్నీ అమ్మేశారు కనుక, నా మటుకు అది నిజమే.

అప్పట్లో నేను అద్దంకి దగ్గర ఒక పత్తి మిల్లులో పని చేసేవాణ్ణి. గుమస్తాను. ఊళ్ళో మాత్రం "ఆఫీసు" అనేవాణ్ణి, అదీ ఎవరైనా గట్టిగా అడిగితేనే.

ఇంతలో వసారా దూలానికి చెదలు పట్టాయి. సరిగ్గా దాని కిందే అమ్మ మంచం. జరుపుకోమంటే, "మీ తాతగారు కూర్చున్న చోటు. నేను కదలను" అనేది. నాకు ఆ పౌరుషం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది. వానలు పడేలోపు దూలం మార్చకపోతే అది అమ్మ మీద పడుతుంది. మార్చడానికి నా జీతం చాలదు. ఇక మిగిలింది స్టాంపులే.

బజార్లో అమ్మితే పరువు పోతుంది. మనిషికి మనిషి కనబడకుండా అమ్మే మార్గమేమైనా ఉందా అని, అద్దంకిలో నెట్ సెంటర్ నడిపే నా క్లాస్‌మేట్ శేషు దగ్గరికి వెళ్ళాను.

"ఉంది. పాతసామాన్లు అమ్ముకునే సైటుంది. నీ మొహం ఎవడికీ కనపడదు" అన్నాడు.

"ఆ మాట కోసమే వచ్చాను" అన్నాను.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. నెట్‌లో సగం మంది మోసగాళ్ళు. నువ్వు మోసగాడిలా కనపడకుండా రాయి."

వాడు కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, నాకు తెలిసిన ఇంగ్లీషునంతా ఒకచోట పోగుచేసి ప్రకటన రాశాను. తెలుగులో దాని సారాంశం ఇదీ:

"అయ్యా, మాది ఒకప్పుడు అత్యంత సంపన్న కుటుంబం. కాలవైపరీత్యం వల్ల పరిస్థితులు మారాయి. మా తాతగారు దాచిన అమూల్యమైన సంపద ఒక పెట్టెలో నా వద్ద భద్రంగా ఉంది. నమ్మకస్తులైన ఒక్కరికి మాత్రమే దాన్ని అప్పగించదలిచాను. నాకు డబ్బు ముఖ్యం కాదు. ధర మీ అంతరాత్మకే వదిలేస్తున్నాను. కుటుంబ గౌరవం దృష్ట్యా ఈ సంగతి రహస్యంగా ఉంచగలరు. నేను మోసగాణ్ణి కాను."

స్టాంపులు అనే మాట పైన శీర్షికలో తప్ప మరెక్కడా రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

శేషు తిరిగొచ్చి చదివాడు. తర్వాత నన్ను పక్కకు జరిపి, సెంటర్ మెయిల్‌కు వచ్చిన మోసపు ఉత్తరం ఒకటి తెరిచి చూపించాడు. ఎక్కడో ఒక యువరాజు. ఒకప్పుడు సంపన్న కుటుంబం. కాలవైపరీత్యం. పెట్టెలో సంపద. నమ్మకస్తులైన ఒక్కరు. రహస్యం.

"ఒరేయ్, వాడు నీకు అన్నా, తమ్ముడా?"

"నాది నిజం" అన్నాను.

"వాడూ అదే రాశాడు చూడు, ఆఖరి లైన్లో."

"ఒక్క అక్షరం కూడా మార్చను. నేను రాసినదాన్లో అబద్ధం లేదు."

"అదేరా గొడవ" అన్నాడు శేషు. ఆ మాట లోతు అప్పుడు నాకు తెలియలేదు.

జవాబులు వచ్చాయి. ఒకాయన "యువరాజా, మీకంటే ముందు నలుగురున్నారు, వరసలో నిలబడండి" అని రాశాడు. ఇంకొకాయన నా పూర్వీకుల గురించి రాసిన మాటలు అచ్చు వేయదగ్గవి కావు. ఒక్కరు మాత్రం మర్యాదగా రాశారు. విశ్వనాథం గారని, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. "స్టాంపులు సేకరించడం నాకు సరదా. ఫోటోలు పంపగలరా? మీ గురించి ఎవరి ద్వారానైనా తెలుసుకునే వీలుందా?" అని అడిగారు.

ఫోటోలా? మా ఇంటి మాటకు రుజువా? నా వెన్నెముక ఇంకాస్త నిటారైంది. "మా ఊరు రండి. మా ఇంటి గురించి ఊళ్ళో ఎవరినైనా అడిగి తెలుసుకోండి" అని రాసి పారేశాను. పాఠకులారా, నా జీవితంలో రాసిన వాక్యాలలో తిరిగి తీసుకోగలిగే అవకాశం ఒక్కదానికే ఇస్తే, నేను దీన్నే తీసుకుంటాను.

ఆదివారం వస్తున్నానని ఆయన కబురు పెట్టారు. బస్సులో వస్తారనుకుని పొద్దున్నే రోడ్డు మీద కాపు కాశాను. ఆయన మాత్రం కారులో, చీరాలలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన బావమరిదిని వెంటబెట్టుకుని, పొలాల దారిన ఊళ్ళోకి వచ్చేశారు. నేను బస్సుల్లోకి తొంగి చూస్తున్నంతసేపూ జరిగిన సంగతులు తర్వాత పోగుచేసుకున్నవి.

మిరపకాయల కాలం అది. ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. విశ్వనాథం గారు తుమ్ముతూ కారు దిగి, మా పక్కింటి కోటమ్మత్త రంగు తగ్గిన తాలుకాయలు ఏరుతున్న కల్లం దగ్గరికి వెళ్ళి, మా ఇంటిపేరు చెప్పి, "ఆ ఇంటి అబ్బాయి ఎలాంటివాడమ్మా?" అని అడిగారట.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా వైపు పెళ్ళికాని కుర్రాడి గురించి పొరుగూరి పెద్దమనిషి కారు దిగి వాకబు చేస్తున్నాడంటే దానికి ఒకటే అర్థం. పిల్లనిచ్చేవాళ్ళు వచ్చారు. అప్పుడు నిజం చెప్పేవాణ్ణి ఊళ్ళో ఎవరూ క్షమించరు.

"బంగారమండీ. తలెత్తి మాట్లాడడు" అంది కోటమ్మత్త. నేను తల దించగా ఆమె ఏనాడూ చూసి ఎరగదు.

"ఆస్తి ఏమన్నా ఉందా?"

"అదిగో, ఆ చివర తాడిచెట్లు కనపడతన్నయ్యే, ఆడదాకా వాళ్ళదే. అటేపు కూడా ఉందనుకోండి, మనకి సరిగ్గా తెల్వదు."

"ఏం పని చేస్తాడు?"

"ఆయనకి పనేందండీ, ఊరికే పొద్దుపోక ఆఫీసుకి పోయొస్తాడు."

కొంచెం ముందున్న సోడా కొట్టు వెంకటేశ్వర్లు నన్ను కంప్యూటర్ ఇంజనీరును చేశాడు. తాడిచెట్ల అవతల పొలం కూడా రాసిచ్చాడు. విశ్వనాథం గారికి అనుమానం మొదలైంది. ఇంత ఉన్నవాడు తాత స్టాంపులు ఎందుకు అమ్ముతాడు? అదీ ఎవరికీ చెప్పొద్దంటూ?

ఈలోపు కోటమ్మత్త పెరటి దారిన మా ఇంట్లో దూరి, "వదినా, లెగు లెగు, సంబంధం వాళ్ళు కారేసుకొనొచ్చారు" అంది. స్టాంపులు కొనే ఆయన బస్సులో వస్తాడని నేను చెప్పి ఉన్నాను గనుక అమ్మకు అనుమానమే రాలేదు, క్షణం ఆలస్యం చేయలేదు. వసారాలో సిద్ధంగా పెట్టిన స్టాంపుల పెట్టె కంటబడింది. పెళ్ళివారి ముందు ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టుకుంటామా? ఆ పెట్టెను కోటమ్మత్త ఎత్తుకుపోయి తన ఇంట్లో మిరపకాయల గోతాల వెనక దాచింది. తిరిగొస్తూ తన వెండి గ్లాసు తెచ్చింది.

ఎండకు వాడిపోయి నేను ఇల్లు చేరేసరికి వసారాలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఒకాయన తుమ్ముతున్నారు. రెండో ఆయన మీసం దువ్వుతూ, చేతికర్ర ఆడిస్తూ, మా గోడలను నేరస్థులను చూసినట్టు చూస్తున్నారు. అమ్మ పట్టుచీర కట్టింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"మీకు పొలం ఎంతుంది బాబూ?" అన్నారు విశ్వనాథం గారు.

స్టాంపులు కొనేవాడికి నా పొలంతో ఏం పని? లేదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. "ఉండవలసినంత ఉండేదండీ" అన్నాను.

"తాడిచెట్ల దాకానా, అవతలి దాకానా? ఊళ్ళో రెండు రకాలుగా చెప్పారు."

"తాడిచెట్లా?" అన్నాను.

మీసాల ఆయన బావగారి వైపు అదోలా చూశారు.

"సరే, ఇంజనీరింగ్ ఎక్కడ చదివారు?"

"నేనా?"

"పోనీలెండి. ఆ స్టాంపులు చూపించండి."

నేను పెట్టె కోసం తిరిగాను. పెట్టె లేదు. "అమ్మా, పెట్టె ఏది?"

"ఏ పెట్టె నాన్నా?" అంది అమ్మ, కాఫీ అందిస్తూ చిరునవ్వుతో. "మేం ఏమీ అమ్మడం లేదండీ. మాకేం ఖర్మ? భగవంతుడి దయవల్ల ఏ లోటూ లేదు."

విశ్వనాథం గారు కాఫీ పట్టుకుని నన్ను చూశారు. మీసాల ఆయన నెమ్మదిగా లేచి నిలబడి, "నాకు ముందే తెలుసు బావా. వీళ్ళ పద్ధతి ఇట్లాగే ఉంటది. అడ్వాన్స్ అడిగే టైముకి పెట్టె ఇంకోచోట ఉందంటారు. ఏం బాబూ, స్టేషన్ దాకా వస్తావా, ఇక్కడే చెప్తావా?" అన్నారు.

అమ్మ చిరునవ్వు ఆగిపోయింది. గుమ్మం దగ్గర జనం మూగారు. మా తాతగారు కూర్చున్న చోట, మా ఇంటి పేరు మీద, దొంగ అనే మాట పడబోతోంది. నాకు రెండే దారులు. పరువు కాపాడుకుని దొంగగా వెళ్ళడం, లేదా పరువు వదిలి మనిషిగా నిలబడటం.

"మాకేమీ లేదండీ" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే, గుమ్మం దాకా వినిపించింది. "సెంటు పొలం లేదు. నేను ఇంజనీర్ని కాదు, పత్తి మిల్లులో గుమస్తాని. ఈ దూలం మార్చాలి, డబ్బుల్లేవు. అందుకే స్టాంపులు అమ్ముతున్నాను. అంతే."

"దూలానికేమైంది, బాగానే ఉందిగా" అంటూ మీసాల ఆయన సాక్ష్యాన్ని పరీక్షించే అలవాటు కొద్దీ చేతికర్రతో దూలాన్ని ఒక్క పోటు పొడిచారు. చెదల మన్ను, పెచ్చులు, పిచ్చుక గూడు సగం, అన్నీ కలిసి దభీమని విశ్వనాథం గారి తల మీదా కాఫీలోనూ పడ్డాయి.

అప్పుడు కోటమ్మత్త జనాన్ని తోసుకుని వచ్చింది. "అబ్బాయి చెప్పేది నిజమేనండీ. వీళ్ళకి అరసెంటు కూడా లేదు. తాడిచెట్లు నాయి. మీ చేతిలో ఆ గ్లాసు కూడా నాదే."

విశ్వనాథం గారు తల మీది మన్ను దులుపుకుంటూ మొదట మూలిగారో నవ్వారో తెలియలేదు. తర్వాత నవ్వే అని తేలింది. "ఈ మాటే మొదట రాసి ఉంటే, నేను కారు పెట్రోలు ఖర్చు మిగుల్చుకునేవాణ్ణి కదయ్యా" అన్నారు. నేనూ నవ్వాను. ఎన్నేళ్ళుగానో బిగించి కట్టిన తలపాగా విప్పినట్టు, తల తేలికైపోయింది. ఊరు నన్ను చూస్తోంది, ఊరికి అన్నీ తెలుసు, అయినా ఇల్లు కూలలేదు. కూలవలసిన భాగం అప్పటికే కాఫీలో ఉంది.

మిరపకాయల గోతాల వెనక నుంచి పెట్టె వచ్చింది. ఆయన ఒక్కో పేజీ తిప్పి ఒక్కో తుమ్ము తుమ్మారు. అరుదైనవి లేవుగానీ ఇంత శుభ్రంగా అంటించినవి చూడలేదని మెచ్చుకుని, న్యాయమైన ధరే ఇచ్చారు. వానలకు ముందే కొత్త దూలం ఎక్కింది. అమ్మ మంచం దాని కిందే ఉంది. ఆ ఆల్బమ్ తెరిచినప్పుడల్లా ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నామనీ, పురుగు మాత్రం దాని దరికి రావడం లేదనీ విశ్వనాథం గారు తర్వాత ఉత్తరం రాశారు.

"ముందే చెప్పకూడదంట్రా, స్టాంపులోళ్ళని? మేం అప్పుడే ఏమీ లేదని చెప్పుండేవాళ్ళం" అని కోటమ్మత్త నన్ను చాలా రోజులు తిట్టింది. ఆ పాఠం ఆమె మర్చిపోలేదు కూడా. మరుసటేడు నిజంగానే ఒకాయన ఒంగోలు నుంచి కారులో వచ్చి నా గురించి అడిగితే, ఆయన నోరు పూర్తిగా తెరవకముందే, "ఏమీ లేదండీ. గుమస్తా. ఇంట్లో వెండి గ్లాసు కనపడితే అది నాది" అని చెప్పేసింది.

ఆయన మా మామగారు. ఇంత వాకబు చేస్తే నిజం చెప్పిన ఊరు ఇదొక్కటేనని, ఆ ధైర్యంతోనే పిల్లనిచ్చానని ఇప్పటికీ అంటారు.

కాబట్టి, కొత్త దూలం సాక్షిగా, చెయ్యి అందదు గనుక స్టూలు ఎక్కి మరీ, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు నేను ఏది అమ్మినా ప్రకటనలో మొదటి వాక్యం "నాకు డబ్బు కావాలి" అనే ఉంటుంది. నేను మోసగాణ్ణి కానని మాత్రం జన్మలో రాయను. ఆ సంగతి కోటమ్మత్త చెబుతుంది.