పన్నెండు కొట్టిన శౌరయ్య

1974లో బెజవాడ గవర్నర్‌పేటలో, ఒక మందుల కొట్టు మీది అంతస్తులో మా బిజినెస్ కాలేజీ పుట్టింది. డిగ్రీ పాసై వేరే దారి దొరకని పదహారుమందిమి ఎం.బి.ఎ.లో చేరాం. ప్రిన్సిపాలు రామకోటేశ్వరరావుగారు. అటెండరు శౌరయ్య.

శౌరయ్య అంతకుముందు చల్లపల్లి దగ్గర ఒక చర్చిలో ఇరవయ్యేళ్ళు గంట కొట్టాడు. ఆ అనుభవం చూసి కాలేజీ గంట అప్పగించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. కథోలికులకు మధ్యాహ్నం పన్నెండింటికి త్రికాల జపం. అందుకు మూడేసి దెబ్బలు మూడుసార్లు, ఆపైన తొమ్మిది కొట్టాలి. మా క్లాసు పన్నెండున్నరదాకా ఉండేది. అయినా పన్నెండు కాగానే శౌరయ్య ఆ లెక్కన వాయించేవాడు. ఇదే సందని మేం భోజనాలకు పరుగు తీసేవాళ్ళం.

"ఇది చర్చి కాదయ్యా!" అని ప్రిన్సిపాలుగారు మొత్తుకునేవారు.

"అలవాటండీ. ఆ టైముకి చెయ్యి నా మాట వినదండీ."

ఇంతలో యూనివర్సిటీ తనిఖీ వచ్చిపడింది. గుర్తింపు వస్తేనే కాలేజీ, కాలేజీ ఉంటేనే శౌరయ్య ఉద్యోగం. యాభై దాటిన తనకు ఇంకెక్కడా పని దొరకదని అతని దిగులు. "కమిటీ ఉండగా గంట ముట్టుకున్నావో, రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు ప్రిన్సిపాలుగారు.

కమిటీ అధ్యక్షుడు బాలశౌరిగారు నవ్వడం మరిచిపోయిన మనిషి. లైబ్రరీ బీరువా తెరిస్తే సగం రైల్వే టైంటేబుళ్ళు. క్లాసులో ప్రశ్నలడిగితే మేమంతా నేలచూపులు. ఆయన ఏదో గబగబా రాసుకుంటుంటే మాకే భయమేసింది. అప్పుడు మోగింది గంట!

ప్రిన్సిపాలుగారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మేం అలవాటుకొద్దీ లేచాం. తీరా చూస్తే గుమ్మానికి అడ్డంగా బాలశౌరిగారు, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి జపం చేస్తున్నారు. దారి లేక కదలకుండా నిలబడ్డాం. ఆకలికి తలలు కూడా వంచాం.

ఆయన కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి కదిలిపోయారు. "నా ప్రార్థన కోసం మీరందరూ లేచి నిలబడ్డారా!" అన్నారు. నిజం చెప్పేంత తెలివితక్కువవాళ్ళం కాదు.

శౌరయ్య పరుగెత్తుకొచ్చాడు. "కూర్చునే ఉన్నానండీ. చెయ్యే లేచిందండీ."

"మా ఊరు వదిలాక ఇంత నిదానంగా కొట్టిన గంట వినలేదయ్యా," అన్నారు బాలశౌరిగారు.

నెల తిరిగాక యూనివర్సిటీ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. కాలేజీకి గుర్తింపు ఒక్క ఏడాదికే. లెక్చరర్లు తాత్కాలికం. ప్రిన్సిపాలుగారు కూడా తాత్కాలికమే. అటెండరును మాత్రం వెంటనే పర్మనెంటు చేయాలట. ఆ ముక్క శౌరయ్యకు తెలుగులో చదివి చెప్పే పని ప్రిన్సిపాలుగారి మీదే పడింది.

శౌరయ్య చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. "సరిగా వినపళ్ళేదండీ, ఇంకోసారి చదవండి," అన్నాడు.