ఎదురు దీపం

"అమ్మ పోయిందండీ టీచర్ గారూ" అని మామ్మ కొడుకు మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. గుడివాడలో నేనప్పుడే కాఫీ కలుపుకుంటున్నాను. ఏడుపు రాలేదు. "ఎన్నింటికి తీసుకెళ్తున్నారు?" అని అడిగి, చేతికందిన చీర కట్టుకుని బందరు బస్సెక్కాను. పెడన దాటాక ఏడుపొచ్చింది. పక్క సీటావిడ కిటికీ వైపు జరిగి నాకు చోటిచ్చింది.

మామ్మ నాకు చుట్టమేమీ కాదు. బందరు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. చేపలు ఎండబెట్టి అమ్మేది. ఊరిని ముంచిన ఉప్పెన తర్వాత ఏడాది తిరక్కుండానే తలంతా నెరిసిపోయిందట, అప్పట్నుంచే ఊరంతటికీ మామ్మ అయిపోయింది. గది చూడటానికి వెళ్ళిన రోజున నన్ను ఎగాదిగా చూసి, "ఎండుచేపల వాసన పడుద్దా నీకు? పడకపోతే ఇప్పుడే చెప్పెయ్. నెల తిరక్కుండా పారిపోతే నాకు చిరాకు" అంది. పడదని చెప్పే ధైర్యం లేక పడుతుందన్నాను. ఆరేళ్ళున్నాను.

ఎక్కడ కూర్చున్నా సముద్రానికి వీపు పెట్టేది కాదు. బియ్యం ఏరినా, జడ వేసుకున్నా మొహం అటే. నేను సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటే ఊరుకునేది కాదు. "దాన్ని చూస్తా ఉండాలమ్మా. మనం చూడట్లేదంటే దానికి తెలిసిపోద్ది" అనేది. నవ్వొచ్చేది నాకు. ఇప్పుడు మంగినపూడి బీచికి వెళ్ళినా నేనూ అలాగే కూర్చుంటున్నాను.

కార్తీక పౌర్ణమికి ఆ ఊళ్ళో దీపాల పండగ. నేను చేరిన ఏడు మామ్మతో కలిసి వెళ్ళాను. చీకటి పడే వేళకి ఒడ్డంతా జనం. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతున్నారు. మామ్మ మాత్రం ఇసుకలో చిన్న గుంట చేసి, మట్టి ప్రమిద అందులో పెట్టి, పక్కన కూర్చుంది. అది దానంతటది ఆరేదాకా కదల్లేదు. ఆరగానే లేచి "పదమ్మా" అంది.

నేను ముందు నడుస్తుంటే వెనక నుంచి "కాస్త మెల్లగా! చిన్న కాళ్ళు" అని కేకేసింది. పొట్టిదాన్నని నన్నే అంటోందనుకున్నాను. తిరిగి చూస్తే కుడి చెయ్యి కిందకి చాచి, వేళ్ళు ముడిచి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ఆ చేతిలో ఏమీ లేదు. పావుగంట దారి గంటసేపు నడిచాం.

ఇంటి దగ్గర మెట్టు మీద ఇద్దరం కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. తర్వాత మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, గడప లోపలే నిలబడి, బయటి మెట్టు మీద కొంచెం కొంచెంగా పోసింది. మెట్టు మీది ఇసుక కొట్టుకుపోయింది. కడిగిన మెట్టు మీద మళ్ళీ ఇసుక ఎక్కడిదని అడగబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. ఎమ్మే చదివిన మనిషిని, లైటు ఆర్పకుండా పడుకున్నాను.

మరుసటి ఏడు ఊళ్ళో కమిటీ వేశారు. పండగ ఘనంగా చెయ్యాలని స్టేజీ, మైకు, సీరియల్ బల్బులు. ఏటా దీపం తప్పనందుకు మామ్మకి శాలువా కప్పుతామని మైకులో పిలిచారు. "నాకెందుకయ్యా ఈ గోల" అని గొణుక్కుంటూ లేచి, "కాస్త చూస్తా ఉండమ్మా" అని దీపం నాకప్పగించి వెళ్ళింది.

ఇంతలో కమిటీ వాళ్ళు కుర్చీలు ఇటే ఈడ్చుకొస్తున్నారు. దీపం కాళ్ళ కింద పడి నలిగిపోతుందని కంగారు పడ్డాను. మా గుడివాడ వైపు కార్తీకంలో ఏ దీపమైనా కాలువలో వదలాల్సిందే. వదలని దీపం ఉంటుందని నాకు తెలిస్తే కదా! ఎవరో పారేసిన దొప్ప తీసుకుని, ప్రమిద అందులో పెట్టి, నీళ్ళలో వదిలేశాను. మిగతా దీపాలన్నీ అలలకి ఒడ్డుకే తిరిగొస్తున్నాయి. అదొక్కటే అలల్ని దాటుకుని తిన్నగా లోపలికి వెళ్ళింది. ఊగలేదు కూడా.

మామ్మ శాలువాతో వచ్చి, ఖాళీ గుంట చూసి, "ఏదమ్మా దీపం?" అంది. ఆ గొంతు వినగానే ఏదో పాడుపని చేశానని తెలిసిపోయింది. "ఆరిపోయింది మామ్మా. కుర్చీల కింద పడి నలుగుతుందని ప్రమిద తీసేశాను" అనేశాను. ఆవిడ మొహం తేటపడింది. కుడి చెయ్యి కిందకి చాచింది. అలాగే చాలాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి కొంగులో దాచుకుని, నాకంటే ముందు, గబగబా ఇంటికి నడిచింది.

ఆ దీపం కథ నాకు ఇంకో ఏడాదికి గాని తెలియలేదు. పిల్లల చేత పండగ చరిత్ర రాయించమని హెడ్మాస్టరు గారు చెబితే పుస్తకం పట్టుకుని మామ్మ దగ్గర కూర్చున్నాను.

"మా అత్త కాలంలో ఇది పండగేంటమ్మా, భయం" అని మొదలుపెట్టింది. "వేటకెళ్ళిన పడవలకి ఒడ్డు కనపడాలని ఆడోళ్ళు గెడకర్రలకి లాంతర్లు కట్టి నిలబడేవోళ్ళు. తర్వాత తర్వాత సముద్రంలో పోయినోళ్ళకి దీపాలు వదలడం వచ్చింది. ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది కదా, అప్పట్నుంచి రెండు రకాలయ్యాయి. శవం దొరికినోళ్ళకి నీళ్ళలో వదులుతాం, ఇంక వెళ్ళమని. దొరకనోళ్ళకి ఒడ్డునే పెడతాం, రమ్మని. అది ఎదురు దీపం. దానంతటది ఆరిందంటే వచ్చినట్టు."

నా పెన్ను ఆగిపోయింది.

"నా కూతురికి అప్పటికి ఆరేళ్ళు" అంది మామ్మ. "ఏటా వచ్చేది. పోయినేడు దీపం ఆరింది గాని అది రాలేదు. కోపమొచ్చిందేమో. ఉప్పెన రోజు ఎత్తుకోమని ఏడ్చిందమ్మా. చంకలో మా చంటోడున్నాడు. పెద్దదానివి కదే, నడువన్నాను."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పిరికిదాన్ని. బదిలీ మీద గుడివాడ వచ్చేశాక కూడా ప్రతి కార్తీకానికీ వెళ్ళేదాన్ని. మామ్మ దీపం పెట్టేది, ఆరేదాకా కూర్చునేది, ఒంటరిగా గబగబా ఇంటికొచ్చేసేది. "ఇంకా తగ్గలేదమ్మా దాని కోపం" అనేది. నేను తల వంచుకుని వినేదాన్ని. ఇలా పదేళ్ళు. దీన్ని నేను ఎవరికీ చెప్పుకోలేదు, మీకే చెప్తున్నాను.

పోవడానికి పదిరోజుల ముందు మంచాన పడిందని తెలిసి వెళ్ళాను. మధ్యాహ్నం మూడైంది. కొడుకు వసారాలో వల బాగు చేసుకుంటున్నాడు. మామ్మ చెయ్యి పట్టుకుని, దీపం ఆరిపోలేదని, నేనే నీళ్ళలో వదిలేశానని, అబద్ధమాడానని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎలిగేదాన్నే వదిలావా?" అంది.

"అవును మామ్మా. కనపడినంతసేపూ వెలుగుతూనే ఉంది."

"నువ్వు వెళ్ళమన్నావని వెళ్ళింది."

"అవును."

మామ్మ పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది.

"అయితే దానికి నా మీద కోపం లేదన్నమాట" అంది.

నన్నొక్క మాట అనలేదు. పదేళ్ళు ఆవిడ మోసిన ఆ దుఃఖం నా ఒక్క మాటతో పోయేదే. నేను భోరుమన్నాను. ఆవిడ నా వంక చూడనైనా లేదు. మోచేతి మీద బలం తెచ్చుకుని, కష్టపడి గోడ వైపుకి జరిగింది. ఖాళీ అయిన చోట దుప్పటి ముడతలు చేత్తో సరిచేసి, ఆ ఖాళీ వైపు తిరిగి పడుకుని, కుడి చెయ్యి అక్కడ చాచి, వేళ్ళు ముడిచి, కళ్ళు మూసుకుంది.

అలికిడికి కొడుకు లోపలికొచ్చాడు. "అదేంటండీ, నిలబడే ఉన్నారు? మంచం మీద కూర్చోండి, చోటుంది కదా" అన్నాడు.

"పర్లేదు బాబూ" అన్నాను. బస్సు వేళ అయ్యేదాకా నిలబడే ఉన్నాను.