దీపం ఆర్పినవాడి అపీలు

సూర్యాపేటలో మా ఇంటికి కట్టెలు తెచ్చే ఆమె ఒకరోజు మోపు దించి, వెళ్లకుండా అరుగు కిందే నిలబడింది. ఆమెది ఆత్మకూరు వైపు పల్లె. భర్త అక్కడి దొర దగ్గర జీతగాడు. దొర మిరపకాయల బండిని అతను తోలుకుపోతుంటే కోదాడ తనిఖీ నాకా దగ్గర ఆబ్కారీ జవాన్లు ఆపి, బస్తాల నడుమ గంజాయి మూట పట్టుకున్నారు. మిరియాలగూడ కోర్టులో అతను “నాదే” అన్నాడు. ఏడాది జైలు పడింది.

“గంజాయి మొకమే ఎరుగడు పంతులూ. చుట్ట తాగితెనే దగ్గొస్తది” అంది.

“మరెందుకు ఒప్పుకున్నడు?”

“దొర దీపమార్పిచ్చిండు.”

మా వైపు అదొక ప్రమాణం. వెలుగుతున్న దీపాన్ని ఊది ఆర్పాలి. మాట తప్పితే ఇంటి దీపం, అంటే కన్నబిడ్డ, అలాగే ఆరిపోతుందని నమ్మకం. వాళ్లకు ఒక్కతే కూతురు. మూట నాదేనంటాను, ఎప్పటికీ నోరు విప్పను అని అతను దొర వాకిట్లో దీపం ఆర్పాడు.

కట్టెలు కొట్టే వెట్టి గురించీ నీళ్లు మోసే వెట్టి గురించీ మా సంఘం వాళ్లం సభల్లో గొంతు చించుకున్నాం. దొర బదులు జైలుకు పోవడమూ వెట్టేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. అబద్ధానికి దేవుణ్ణి కాపలా పెట్టిన ఆ తెలివికి నా ఒళ్లు మండింది.

శిక్ష పడిన కొన్నాళ్లకే నిజాం మీద పోలీసు చర్య జరిగింది. రజాకార్లకు కొమ్ముకాసిన దొర పట్నం పారిపోయాడు. ఇక దారి సులువనుకొని వకీలు దగ్గరికి వెళ్లాను.

“ఒప్పుకున్నోనికి అపీలెక్కడిది పంతులూ?” అని ఆయన నవ్వాడు. తర్వాత విడమరచి చెప్పాడు. తప్పు ఒప్పుకున్నవాడు శిక్ష తగ్గించమని అడగవచ్చు, నేరమే చేయలేదంటే పై కోర్టు వినదు. భయపెట్టి ఒప్పించారని అతనే ప్రమాణం చేసి చెబితే మాత్రం తీర్పు కొట్టేసే ఆశ ఉంది.

ఆమెను తీసుకొని మిరియాలగూడ జైలుకు వెళ్లాను. అతను ఊచల వెనక చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“దొర ఉరికిండు. ఇంకెవరికి భయపడుతున్నవ్?”

“దొరకు కాదు పంతులూ. ఆర్పిన దీపానికి.”

“దీపమారితె చీకటైతది. అంతకన్న ఏం గాదు. గీడనే నూరు దీపాలు ఆర్పుత, నాకేమైతదో సూడు!”

“నీకేమైతది? పిల్లలా, జెల్లలా?”

కాపలా జవాను కిసుక్కున నవ్వాడు. మూఢనమ్మకాల మీద పండితులను నిండు సభలో నిలదీసినవాణ్ణి, దిక్కు కోసం ఆమె వైపు చూశాను.

ఆమె మండిపడింది. “ఆర్పింది నువ్వు, నేను కాదు. నేనే పోయి చెప్త జడ్జి దొరకు.”

“బిడ్డ నీది గాదానె?”

అంతే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవారన కూలబడింది.

నేను వదల్లేదు. “గంజాయి దొంగన్న పేరు సచ్చేదాక పోదు. నీ బిడ్డకు గూడ అంటుకుంటది.”

“బతికుంటెగద పంతులూ, అంటుకునేది.”

శిక్ష తగ్గించమనే కాగితం మీద మాత్రమే వేలిముద్ర వేశాడు. పై కోర్టు దయతలచింది. అనుభవించిన శిక్ష చాలని వదిలేసింది. నేరం మాత్రం అతని పేరు మీదే ఉండిపోయింది.

మరుసటి ఏడు కోదాడ నాకా దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా అతని బండి కనిపించింది. ఇప్పుడు కిరాయికి తోలుతున్నాడు. ముందు బండ్లన్నీ ఆగకుండా నాకా దాటిపోయాయి. ఇతన్ని మాత్రం ఆపారు.

“ఏరా గంజాయోడా, ఇవాళేం తెచ్చావ్?” అంటూ జవాను బస్తాలు కిందికి లాగించాడు.

అతనికి కోపం రాలేదు. నన్ను చూసి ముఖమంతా నవ్వుతో, బండి మీది కూతురిని చూపించాడు. “సూడు పంతులూ, ఎంత పెరిగిందో!”

అతను మాట తప్పినా ఆ పిల్ల బతికేదని నాకు తెలుసు. అతనికి చూపించడానికి నా దగ్గర ఏముంది? బతికున్న పిల్లే అతని సాక్ష్యం.

బస్తాలు వెతకడం అయిపోయింది. జవాను బండి వెనక్కి నడిచాడు. జవాను అడగకముందే ఆ పిల్ల తన సద్దిమూట ముడి విప్పి, వెతుక్కొమ్మన్నట్టు ముందుకు చాచింది.