కొమ్మ కొట్టనివ్వని కోడలు

ఆ రోజుల్లో నాకు రెండే నియమాలు: ఏ వస్తువూ పారెయ్యకూడదు, ఎవరి సలహా వినకూడదు. అయిదో తరగతితో చదువు ఆగినా నాకు తెలియనిది లేదనుకునేదాన్ని (ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా పోలేదు). పామర్రులో అద్దె ఇల్లు ఖాళీ చేసి భవానీపురం మారదామనుకున్నప్పుడు, మా అత్తగారు పెరట్లో తను పెంచిన కరివేపాకు చెట్టును చూపించి, "అది అక్కడ బతికితే నేనూ అక్కడుంటా. ఎండితే మా తమ్ముడింటికి పోతా" అన్నారు. ఆవిడ పోతే నా ఇద్దరు పిల్లల్ని ఎవరు చూస్తారు, నేను కుట్టుమిషను ముందు ఎలా కూర్చుంటాను?

అందుకని ఆవిడ చెప్పినట్టే నెల ముందు చెట్టు చుట్టూ గాడి తవ్వించి దూరపు వేళ్లు తెగ్గొట్టించాను. తూర్పు మొహం అక్కడా తూర్పుకే ఉండాలని మొదలుకు సున్నం బొట్టు పెట్టాను. నల్లమట్టి ముద్ద విడిపోకుండా తడి గోనెపట్టాలో కట్టించి ట్రాక్టరెక్కించాను. కొమ్మలు మాత్రం కొట్టనివ్వలేదు.

"సగానికి కొట్టించవే. తెగిన వేళ్లు అంత ఆకుకి నీళ్లెక్కడ తెస్తాయి?"

"పచ్చటి ఆకండీ అత్తయ్యగారూ, చూస్తూ చూస్తూ ఎలా పారేస్తాం?"

భవానీపురంలో నాటిన వారానికే చెట్టు తల వేలాడేసింది. ఎనిమిదో రోజు పొద్దున్నే అత్తగారు సంచిలో చీరలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఇక చెట్టూ దక్కదు, అత్తగారూ దక్కరు, ఆకైనా దక్కించుకుందామని (ఏడుస్తూనే) లేత కొమ్మలన్నీ విరిచి, ఒక్క రెబ్బ మిగల్చకుండా దూసేశాను. మధ్యాహ్నానికి పొడి కొట్టి, ఆవిడ దారికని డబ్బాలో పెట్టాను.

ఆవిడ బోడి చెట్టును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, వేలితో పొడి నాలిక మీద వేసుకున్నారు.

"ఉప్పు చాల్లేదు" అని సంచి కింద పెట్టారు. "నేను చెప్పిన పని ఇప్పటికి చేశావు. నెల్రోజులు చూసి పోతాలే."

నెల తిరక్కుండానే మోడు మీద లేత చిగురు కనిపించింది. ఆవిడ చివరిదాకా మా ఇంట్లోనే ఉన్నారు.

ఇప్పుడు మా వీధిలో ఎదిగిన చెట్టు జరపాలంటే నన్నే పిలుస్తారు. ముందు కొమ్మలు కొట్టమంటాను. "పచ్చటి ఆకండీ మామ్మగారూ" అని నసిగితే, అత్తగారి గొంతు తెచ్చుకుని కసురుతాను. కరివేపాకైతే కొట్టిందంతా ఒడిలో వేసుకొచ్చి పొడి చేస్తాను. ఉప్పు ఇప్పటికీ తక్కువే పడుతుందేమో, చెప్పే మనిషి లేదు.